మాల్టాలో మహిళల ఉద్యోగాలు: ఏటా పెరిగే శాతం వెనక ఏముంది?

మాల్టా జాతీయ గణాంక కార్యాలయం విడుదల చేసే ఉపాధి ప్రకటనల్లో ఒక వాక్యం దాదాపు మారకుండా వస్తుంటుంది. కిందటేడు ఇదే సమయంతో పోలిస్తే ఫుల్‌టైమ్ ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లు ఇంత శాతం, ఆడవాళ్లు ఇంత శాతం పెరిగారు అని. అంకెలు మాత్రం మారుతుంటాయి. రెండో అంకె పెద్దదైతే ప్రభుత్వం తన పథకాల గొప్పే అంటుంది, చిన్నదైతే ప్రతిపక్షం ఆ పథకాలు పనిచేయడం లేదంటుంది. ఇద్దరూ ఆ శాతానికి దానిలో లేని అర్థాన్ని అంటగడుతున్నారు. ఒక ఏడాదిలో మహిళల ఉద్యోగాలు ఎంత పెరిగాయన్న లెక్కలో కనీసం నాలుగు వేర్వేరు కథలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకుండా ఆ శాతాన్ని ఏటా గ్రాఫు గీసుకుంటూ పోతే మాల్టా గురించి తెలిసేది తక్కువ.

మధ్యధరా సముద్రంలోని ఈ దీవుల దేశం చాలా చిన్నది. మొత్తం 316 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్ఎంసీ పరిధిలో దాదాపు సగం. జనాభా 2021 లెక్కల ప్రకారం 5,19,562. ఇలాంటి దేశాన్ని పనిగట్టుకుని పరిశీలించడానికి కారణం, సుమారు ఇరవై ఏళ్లలో అక్కడ వచ్చిన మార్పు. 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరేనాటికి మాల్టాలో ఉద్యోగం చేసే వయసున్న ఆడవాళ్లలో పనిలో ఉన్నది మూడో వంతే. ఈయూ దేశాలన్నిటిలోనూ అట్టడుగు స్థానం. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య తేడా 40 శాతం పాయింట్లకు పైనే. ఇప్పుడు 20 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఉద్యోగాల్లో ఉన్నారు. 2020 ప్రాంతంలో మాల్టా ఈయూ సగటును దాటేసింది. చివరి బెంచీలో కూర్చున్న దేశం ఇంత త్వరగా ముందు వరసలోకి రావడం యూరప్‌లో ఈ మధ్యకాలంలో అరుదు.

మొదట్లో అంత వెనకబడి ఉండటానికి మతం, ఆచారం, కుటుంబ కట్టుబాట్లు కారణమని చెప్పి వదిలేయడం తేలిక. మాల్టా గట్టి క్యాథలిక్ దేశం. 2011 మేలో రెఫరెండం జరిగేదాకా అక్కడ విడాకుల చట్టమే లేదు. అయితే ఆచారానికి ప్రభుత్వ నిబంధనలు కూడా తోడయ్యాయి. పెళ్లయితే ప్రభుత్వ ఉద్యోగానికి రాజీనామా చేయాలన్న నియమం 1980 ప్రాంతం దాకా అమల్లో ఉంది. క్లర్కుగానో టీచరుగానో చేరిన అమ్మాయి పెళ్లి పత్రికతో పాటు రాజీనామా లేఖ కూడా సిద్ధం చేసుకోవలసిందే. విడ్డూరం ఏమిటంటే, అదే దేశంలో అగథా బార్బరా 1947లోనే పార్లమెంటుకు ఎన్నికయ్యారు, మంత్రి అయ్యారు, 1982లో దేశాధ్యక్షురాలయ్యారు. పైన ఒక మహిళ కూర్చున్నంత మాత్రాన కింద ఆఫీసుల్లో నిబంధనలు వాటంతట అవే మారవని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. భార్యాభర్తలకు ఇంటి వ్యవహారాల్లో సమాన హక్కు ఇచ్చిన కుటుంబ చట్ట సవరణ వచ్చింది 1993లో.

ఆర్థిక వ్యవస్థ తీరు కూడా ఇందుకు తగ్గట్టే ఉండేది. బ్రిటిష్ కాలంలో ఓడల మరమ్మతు కేంద్రం, సైనిక స్థావరం అక్కడి ప్రధాన ఉపాధి, రెండూ మగవాళ్ల పనులే. 1964లో స్వాతంత్ర్యం వచ్చాక బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వచ్చి అమ్మాయిలకు పని దొరికింది, కానీ అది పెళ్లి దాకా చేసే పనిగానే ఉండిపోయింది. తర్వాతి కాలంలో బ్యాంకింగ్, ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలు, టూరిజం, ఆరోగ్యం, చదువు పెరిగాయి. కండబలంతో పనిలేని ఉద్యోగాలు పెరిగిన చోట ఆడవాళ్ల వాటా పెరగడం ఎక్కడైనా చూస్తున్నదే.

ఇక లెక్కల సంగతి. మాల్టాలో ఉద్యోగాలను రెండు దారుల్లో లెక్కపెడతారు. రెండూ ఒకే మాట చెప్పవు. మొదటిది రికార్డుల లెక్క. ఎవరినైనా పనిలో పెట్టుకుంటే యజమాని జాబ్స్‌ప్లస్ అనే ప్రభుత్వ సంస్థకు ఫారం పంపాలి. పని మానేస్తే నాలుగు రోజుల్లోగా ఇంకో ఫారం పంపాలి. ఈ ఫారాల నుంచే గణాంక కార్యాలయం రిజిస్టరైన ఉద్యోగాల సంఖ్య తీస్తుంది. ఇది శాంపిల్ కాదు, పేర్ల జాబితా. అందుకే చిన్న దేశానికి ఇది ఎంతో ఉపయోగం. రెండోది లేబర్ ఫోర్స్ సర్వే. కొన్ని వేల మందిని ఎంచుకుని, పోయిన వారం కనీసం ఒక గంటైనా డబ్బు కోసం పనిచేశారా అని అడుగుతారు. ఈయూలో దేశాలను పోల్చడానికి ఈయూ గణాంక కార్యాలయం యూరోస్టాట్ వాడేది ఈ సర్వేనే.

జాబితాలో కనిపించేది కాగితం మీద ఉన్న ఉద్యోగమే. ఇంట్లో ట్యూషన్ చెప్పే ఆమె, వారానికి రెండిళ్లు శుభ్రం చేసే ఆమె, కుట్టుపని చేసే ఆమె రిజిస్టరు చేసుకోకపోతే అందులో ఉండరు. మాల్టాలో పార్ట్‌టైమ్ ఆదాయానికి ఒక పరిమితి దాకా విడిగా, తక్కువ రేటులో పన్ను వేస్తారు. చాలాకాలం అది 15 శాతం, 2022 నుంచి 10 శాతం. పన్ను తేలికైతే అంతకుముందు చాటుగా చేసిన పనే కాగితం మీదికి వస్తుంది. అప్పుడు రికార్డుల్లో మహిళల ఉద్యోగాలు పెరిగినట్టు కనిపిస్తాయి, కానీ ఆమె పొద్దున లేచి చేసే పని ఏమీ మారి ఉండదు. ఇది తప్పుడు లెక్క కాదు. పని చట్టం నీడలోకి వస్తే సోషల్ సెక్యూరిటీ చందా కట్టడం మొదలవుతుంది, ఆ లాభం నిజమైనదే. కాకపోతే దాన్ని కొత్త ఉపాధి అనలేం.

పార్ట్‌టైమ్ లెక్కలో ఇంకో మెలిక ఉంది. గణాంక కార్యాలయం పార్ట్‌టైమ్ చేసేవాళ్లను రెండు రకాలుగా చూపిస్తుంది. అదే ప్రధాన ఉద్యోగమైన వాళ్లు ఒక రకం, ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉండి పైన ఇదీ చేసేవాళ్లు రెండో రకం. ఫుల్‌టైమ్ అంకెకు మొత్తం పార్ట్‌టైమ్ అంకెను కూడితే రెండో రకం వాళ్లను రెండుసార్లు లెక్కేసినట్టే. సోషల్ మీడియాలో తిరిగే గ్రాఫుల్లో ఈ పొరపాటు తరచూ దొర్లుతుంటుంది. ఇటు ఫుల్‌టైమ్ అంకె మాత్రమే తీసుకుంటే ఆడవాళ్ల ఉద్యోగాల్లో పెద్ద భాగమే వదిలేసినట్టవుతుంది. 2010ల మధ్యలో ఉద్యోగం చేసే మాల్టా మహిళల్లో దాదాపు నలుగురిలో ఒకరు పార్ట్‌టైమే. తర్వాత ఆ వాటా తగ్గుతూ వచ్చింది. అంటే ఆ ఏళ్లలో ఫుల్‌టైమ్ వృద్ధి శాతంలో కొంత భాగం పార్ట్‌టైమ్ నుంచి ఫుల్‌టైమ్‌కు మారినవాళ్లది. ఉద్యోగం చేసే మనుషులు పెరగలేదు, పనిగంటలు పెరిగాయి. ఆ కుటుంబానికి అది పెద్ద మార్పే, కానీ హెడ్డింగులో చదివినప్పుడు కొత్తగా ఇంకొకరు పనిలోకి వచ్చారనే అనిపిస్తుంది.

ఇప్పుడు శాతాల సంగతి చూద్దాం. అర్థం కావడానికి ఊహాంకెలు తీసుకుంటే చాలు. ఒక ఏడాది మొదట్లో ఉద్యోగాల్లో ఉన్న మహిళలు 30,000 మంది అనుకుందాం. ఏడాదిలో 3,000 మంది చేరితే వృద్ధి 10 శాతం. కొన్నేళ్ల తర్వాత వాళ్లు లక్ష మంది అయ్యారు, ఆ ఏడాది 5,000 మంది చేరారు. వృద్ధి 5 శాతమే. చేరినవాళ్లు ఎక్కువ, శాతం సగం. మహిళా ఉపాధి వృద్ధి మందగించింది అని పత్రిక రాస్తే అంకె ప్రకారం నిజమే, సంగతి ప్రకారం అబద్ధం. వెనకబడ్డ చోట మొదలైన దేశానికి మొదట్లో పెద్ద శాతాలు వస్తాయి, గెలిచేకొద్దీ అవే శాతాలు చిన్నబోతాయి. ఈ కొలబద్దలో ఉన్న లోపమే ఇది. విజయం పెరిగేకొద్దీ అది తక్కువ మార్కులు వేస్తుంది.

ఉపాధి రేటు, అంటే ఫలానా వయసు ఆడవాళ్లలో వందకు ఎంతమంది పనిలో ఉన్నారన్న లెక్క, ఇంతకన్నా నయం. అదీ పైకి పోయేకొద్దీ బరువెక్కుతుంది. వందలో 35 మంది పనిచేస్తున్నప్పుడు బయట 65 మంది ఉన్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, అవకాశం దొరికితే రేపే చేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎందరో. పనిచేసేవాళ్లు 75 మంది అయ్యాక మిగిలేది 25 మంది. ఆ పాతికలో విద్యార్థినులు, అనారోగ్యంతో ఉన్నవాళ్లు, వికలాంగులైన పిల్లల్నో మంచం పట్టిన తల్లిదండ్రుల్నో చూసుకునేవాళ్లు, అరవై దగ్గరపడి ఎప్పుడూ ఉద్యోగం చేయనివాళ్లు ఉంటారు. వాళ్లలో ఒక్కరిని పనిలోకి తేవడానికి మొదటి పదిమందిని తెచ్చినంత శ్రమ పడుతుంది.

మొదట్లో చెప్పిన నాలుగు కథల్లో మొదటిది తరాల మార్పు. దీని గురించి రాజకీయ నాయకులు మాట్లాడరు, ఎందుకంటే ఇందులో ఎవరి గొప్పా లేదు. 2004లో మాల్టాలో 55 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో పనిలో ఉన్నది పదిమందిలో ఒకరికి కాస్త పైన. అదే సమయంలో పాతిక దాటిన అమ్మాయిల్లో సగానికి పైగా పనిచేస్తున్నారు. ప్రతి ఏడాదీ 1940లలో పుట్టి, పెళ్లితో ఉద్యోగం మానేసిన ఒక బ్యాచ్ 64 దాటి లెక్కలోంచి తప్పుకుంటుంది. చదువుకుని, ఉద్యోగం సహజమనుకునే ఒక బ్యాచ్ కిందినుంచి వచ్చి చేరుతుంది. 20 నుంచి 64 దాకా 45 వయసులు. ఏటా 45లో ఒక వంతు, అంటే వందకు రెండు పైచిలుకు మారుతుంది. పోయేవాళ్లలో పదికి ఒకరు, వచ్చేవాళ్లలో పదికి ఏడుగురు పనిచేసేవాళ్లయితే, మధ్య వయసులో ఎవరూ ఏమీ మార్చుకోకపోయినా రేటు ఏడాదికి ఒక పాయింటుకు పైగా పెరుగుతుంది. ఇది వేళ్ల మీద వేసుకున్న లెక్కే. అయినా దాని పరిమాణం గమనించాలి. రెండు దశాబ్దాల్లో మాల్టా సాధించింది ఏడాదికి సుమారు రెండు పాయింట్లు. అందులో పెద్ద ముక్క ఎవరూ ఏమీ చేయకుండా వచ్చేదే.

మిగతా ముక్కలో రెండో కథ, పిల్లలు పుట్టాక పని మానేయకపోవడం లేదా తిరిగి రావడం. ప్రభుత్వాలు నిజంగా చేసిన పని కనిపించేది ఇక్కడే. 2014 ఏప్రిల్‌లో మాల్టా ఉచిత చైల్డ్‌కేర్ పథకం పెట్టింది. మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు, తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగంలోనో చదువులోనో ఉంటే, కేంద్రంలో ఉంచడానికి ఖర్చు లేదు. ఆ డబ్బు ప్రభుత్వమే కేంద్రానికి చెల్లిస్తుంది. ఎన్ని గంటలు ఉచితం అన్నది తల్లిదండ్రుల పనిగంటలను బట్టి ఉంటుంది. మూడేళ్లు దాటితే ప్రభుత్వ కిండర్‌గార్టెన్ అంతకుముందే ఉచితం. అంటే ఇంట్లో పసిపిల్ల ఉన్న తల్లికి అంతవరకు లేని ఒక్క మెట్టు వేశారు. దానితో పాటు ఇంకొన్ని వచ్చాయి. మళ్లీ పనిలో చేరే మహిళలకు పన్ను రాయితీలు అంతకుముందు ప్రభుత్వమే మొదలుపెట్టింది. భృతి తీసుకునేవాళ్లు ఉద్యోగంలో చేరితే భృతి ఒక్కసారిగా ఆపేయకుండా మెల్లగా తగ్గించే పద్ధతి, బడికి ముందూ తర్వాతా పిల్లల్ని ఉంచే ఏర్పాట్లు కూడా వచ్చాయి.

పెద్దగా పేరు రాని ఒక ఏర్పాటు ప్రసూతి సెలవు నిధి. మాల్టాలో ప్రసూతి సెలవు 14 వారాలు ఉండేది, 2012లో 16, 2013లో 18 అయింది. మొదటి 14 వారాల జీతం యజమాని ఇవ్వాలి, చివరి నాలుగు వారాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ముగ్గురు నలుగురు పనిచేసే చిన్న షాపు యజమానికి 14 వారాల జీతం, పైగా ఆమె స్థానంలో ఇంకొకరి జీతం అంటే టెన్షనే. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే ఆయన మనసులో ఏం లెక్క నడిచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2015లో ప్రైవేటు యజమానులందరూ తమ దగ్గర పనిచేసే ప్రతి ఉద్యోగికి, మగైనా ఆడైనా, జీతంలో 0.3 శాతం ఒక ఉమ్మడి నిధికి కట్టాలన్నారు. సెలవు ఖర్చు ఆ నిధి నుంచి యజమానికి తిరిగి వస్తుంది. మగవాళ్లను మాత్రమే పెట్టుకున్న కంపెనీ కూడా కట్టాల్సిందే కాబట్టి, ఆడవాళ్లను పెట్టుకోకపోతే మిగిలేది ఏమీ లేదు. వేదికల మీద చెప్పే సమానత్వం కన్నా ఈ 0.3 శాతం ఎక్కువ పని చేస్తుందని అనుకోవడానికి కారణాలున్నాయి. కానీ ఏ నెల వృద్ధి అంకెలోనూ దాని వాటా విడిగా కనిపించదు.

చైల్డ్‌కేర్ విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. పథకంలో చేరిన పిల్లలందరి తల్లులూ ఆ పథకం వల్లే ఉద్యోగంలోకి వచ్చినట్టు కాదు. అంతకుముందు డబ్బు కట్టి పంపినవాళ్లు ఉన్నారు. అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ. చిన్న దేశం కాబట్టి ఏ అమ్మమ్మ ఇల్లైనా అరగంట గంటలో చేరుకోవచ్చు. ఆ ఇల్లే చాలాకాలం మాల్టాకు చైల్డ్‌కేర్ సెంటరు. ఆ అమ్మమ్మల వల్ల ఎన్ని ఉద్యోగాలు నిలబడ్డాయో ఏ లెక్కల్లోనూ లేదు.

మూడో కథ ఆ అమ్మమ్మలదే. మాల్టాలో పెన్షన్ వయసు ఆడవాళ్లకు 60, మగవాళ్లకు 61 ఉండేది. 2006 సంస్కరణ దాన్ని దశలవారీగా పెంచింది. 1952 నుంచి 1955 మధ్య పుట్టినవాళ్లకు 62, తర్వాతి వాళ్లకు 63, 64, 1962లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు 65. ఆడవాళ్లకు ఇది అయిదేళ్ల పెంపు. 60 ఏళ్లకు ఇంటికి వెళ్లాల్సిన క్లర్కు ఇంకో రెండు మూడేళ్లు కుర్చీలో ఉంటే వార్షిక వృద్ధి లెక్కలో ఆమె నష్టంగా కనిపించదు. కొత్తగా చేరేవాళ్లు పెరగకపోయినా దిగిపోయేవాళ్లు తగ్గారు కాబట్టి సంఖ్య పెరిగినట్టే. 55 నుంచి 64 ఏళ్ల మహిళల ఉపాధి రేటు ఇప్పుడు పదిమందిలో నలుగురిని దాటింది. తరాల మార్పు, పెన్షన్ వయసు రెండూ అందులో కలిసి ఉన్నాయి. పెన్షన్ వయసు పెరిగిన ఇంట్లో మనవడిని చూసుకునే మనిషి ఆఫీసులో ఉంటుంది. ఒక విధానం అమ్మమ్మను పనిలో ఉంచితే, ఇంకో విధానం ఆమె చేసే పనికి బదులు సెంటరు పెట్టాల్సి వచ్చింది. ఈ రెండిటినీ వేర్వేరు మంత్రిత్వ శాఖల విజయాలుగా చెప్పుకోవడం కొంచెం హాస్యాస్పదంగానే ఉంటుంది.

నాలుగోది వలస. గత పదేళ్ల మాల్టా లెక్కల్ని తలకిందులు చేసింది ఇదే. 2011 జనాభా లెక్కల్లో మాల్టా జనం 4,17,432. అందులో విదేశీయులు 20,289 మంది, అంటే వందకు అయిదుగురి లోపు. 2021కి విదేశీయులు 1,15,449 మంది, వందకు 22 మంది. ఉద్యోగాల్లో వాళ్ల వాటా ఇంకా ఎక్కువ. ఇటలీ నుంచి గేమింగ్ కంపెనీల్లోకి వచ్చే అమ్మాయి, ఫిలిప్పీన్స్ నుంచి వృద్ధుల్ని చూసుకోవడానికి వచ్చే ఆమె, ఇండియా నుంచి వచ్చిన నర్సు, అందరి పేర్లూ జాబ్స్‌ప్లస్ జాబితాలోనే ఉంటాయి. ఈయూ బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్లలో భారతీయులది పెద్ద సమూహాల్లో ఒకటి. విమానం దిగే ముందే ఉద్యోగం ఖాయమైన మనిషి లెక్కలోకి వస్తే మహిళా ఉపాధి ఒకటి పెరుగుతుంది. మాల్టాలో పుట్టి పెరిగిన ఇల్లాలు ఉద్యోగంలో చేరినా ఒకటే పెరుగుతుంది. ఈ రెండు ఒకట్లకూ అర్థం ఒకటి కాదు.

ఉపాధి రేటు మీద కూడా వలస ప్రభావం ఉంటుంది. పనికోసమే వచ్చినవాళ్లలో పనిలో ఉన్నవాళ్ల శాతం సహజంగా ఎక్కువ. వాళ్లు చేరేకొద్దీ దేశపు సగటు పైకి పోతుంది, స్థానిక మహిళల జీవితంలో ఏమీ మారకపోయినా సరే. ఇంకో వైపు నుంచి చూస్తే, వలసవచ్చేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. 2021 లెక్కల్లో మాల్టా జనాభాలో ఆడవాళ్లకన్నా మగవాళ్లే ఎక్కువ, దాదాపు 52 శాతం. నిర్మాణం, డెలివరీ, రవాణా పనులకు వేలమంది మగవాళ్లు దిగిన ఏడాది మగవాళ్ల వృద్ధి శాతం ఆడవాళ్ల శాతాన్ని దాటిపోవచ్చు. అది చూసి మహిళలు వెనకబడుతున్నారని రాస్తే పొరపాటు. స్థానిక దంపతుల మధ్య తేడా ఆ ఏడాది తగ్గి కూడా ఉండొచ్చు. అందుకే మగ ఆడ శాతాలను పక్కపక్కన పెట్టే ఆ ప్రసిద్ధ వాక్యం, స్త్రీ పురుష సమానత్వం గురించి ఈ మధ్య తక్కువ చెబుతోంది, వీసాల గురించి ఎక్కువ చెబుతోంది.

పైకి కనిపించని సమస్యలు కొన్ని కొలిచే పద్ధతిలోనే ఉన్నాయి. 2021 జనవరి 1 నుంచి ఈయూ అంతటా లేబర్ ఫోర్స్ సర్వే కొత్త నియమాలకు మారింది. దీర్ఘకాలపు పేరెంటల్ సెలవులో ఉన్నవాళ్లను ఉద్యోగులుగా లెక్కించాలా వద్దా అన్నది ఆ మార్పుల్లో ఒకటి. ఈ నియమం ఎవరిని ఎక్కువగా తాకుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి 2020, 2021 అంకెల్ని సరిచేయని పాత సిరీస్‌లోంచి తీసుకుని వృద్ధి కడితే, వచ్చే శాతంలో కొంత భాగం నిర్వచనం మారినందువల్ల వచ్చినదే. కోవిడ్ దానికి తోడైంది. 2020 మార్చిలో ప్రభుత్వం జీతాల సాయం ప్రకటించి, బాగా దెబ్బతిన్న రంగాల్లో ఫుల్‌టైమ్ ఉద్యోగికి నెలకు 800 యూరోల దాకా ఇచ్చింది. హోటల్లో పనిలేక ఇంట్లో కూర్చున్న రిసెప్షనిస్టు రికార్డుల్లో ఉద్యోగిగానే ఉంది. పనిగంటలు పడిపోయాయి, ఉద్యోగాల సంఖ్య పెద్దగా కదల్లేదు.

దేశం చిన్నది కావడం సర్వేకు ఇంకో ఇబ్బంది. మొత్తం మహిళల ఉపాధి రేటు చెప్పడానికి శాంపిల్ సరిపోతుంది. అదే గోజో దీవిలో 25 నుంచి 34 ఏళ్ల తల్లుల రేటు కావాలంటే చేతిలో మిగిలేది కొద్దిమంది జవాబులే. అలాంటి చిన్న గుంపులో ఏడాదికి ఏడాది వచ్చే మార్పు నిజమైన మార్పో, ఈసారి వేరే ఇళ్ల తలుపులు తట్టడం వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. మూడునెలల అంకెల్ని పట్టుకుని ఊగిపోవడం కన్నా నాలుగు త్రైమాసికాల సగటు చూడటం మేలు. పర్యాటకం మీద బతికే చోట వేసవి అంకెను శీతాకాలపు అంకెతో పోల్చకూడదన్నది అందరికీ తెలిసిందే. కిందటేడు ఇదే నెలతో పోల్చడానికి కారణం కూడా అదే.

గోజో పేరు వచ్చింది కాబట్టి దాని గురించి ఒక మాట. దాదాపు 39 వేల మంది ఉండే ఈ రెండో దీవిలో ఉద్యోగాలు తక్కువ. అక్కడి ఇమ్జార్ రేవులో ఓడ ఎక్కితే ప్రధాన దీవిలోని చిర్కెవ్వా రేవు చేరడానికి అరగంట లోపే పడుతుంది. కానీ అక్కడి నుంచి బస్సులో రాజధాని వలెట్టా వైపు పోవాలంటే ట్రాఫిక్‌లో ఇంకో గంట పైనే. పిల్లాడిని బడిలో దింపి, ఓడ పట్టుకుని, ఆఫీసుకు చేరి, బడి వదిలే మధ్యాహ్నానికి తిరిగి రావడం కుదిరే పని కాదు. 2021లో వలెట్టాకు నేరుగా ఫాస్ట్ ఫెర్రీ మొదలైంది. ఇంటినుంచే చేసే ఉద్యోగాలు పెరిగాయి. ఇవి చైల్డ్‌కేర్ పథకాల జాబితాలో ఉండవు, కానీ గోజో తల్లికి ఇవే అసలు పథకాలు. వేసవిలో ప్రభుత్వ ఆఫీసులు మధ్యాహ్నానికల్లా మూసేసే పాత అలవాటు కూడా ఇలాంటిదే. తల్లులు ప్రభుత్వ ఉద్యోగాల వైపు మొగ్గడానికి జీతం కన్నా ఆ టైమింగ్స్ పెద్ద కారణమైన ఇళ్లు తక్కువేమీ కావు.

మరి ఏ అంకె చూస్తే మేలు? ఒక్కటే కావాలంటే, 25 నుంచి 54 ఏళ్ల మధ్య, చిన్నపిల్లలున్న ఆడవాళ్ల ఉపాధి రేటును, పిల్లలు లేనివాళ్ల రేటుతో పోల్చి చూడాలి. చదువు, పెన్షన్ రెండూ ఆ వయసులో అడ్డురావు. పుట్టిన దేశాన్ని బట్టి విడదీసిన అంకె దొరికితే వలస ప్రభావం కూడా తేలిపోతుంది. దాని పక్కన వారానికి సగటు పనిగంటలు పెట్టుకోవాలి. పక్కనే జననాల రేటు కూడా ఉంచుకోవాలి. 2022లో మాల్టా సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.08, ఈయూ మొత్తంలో అతి తక్కువ. తల్లుల ఉపాధి పెరగడం ఒక రకం, తల్లులే తగ్గిపోవడం ఇంకో రకం. మొత్తం మహిళల అంకె ఈ రెంటినీ ఒకే పేరుతో పిలుస్తుంది. ఉద్యోగాల వల్లే పిల్లలు తగ్గారనడానికి మాత్రం ఆధారం తక్కువ. మహిళా ఉపాధి ఎక్కువగా ఉన్న ఫ్రాన్స్, స్వీడన్‌లలో జననాలు మాల్టాకన్నా మెరుగ్గానే ఉన్నాయి. ఇళ్ల అద్దెలు, తండ్రులు ఇంట్లో చేసే పని ఎంత అన్నవి అక్కడ లెక్కలోకి వస్తాయి. మాల్టాలో తండ్రులకు జీతంతో కూడిన పది రోజుల సెలవు వచ్చిందే 2022 ఆగస్టులో, అదీ ఈయూ ఆదేశం ప్రకారం.

ఈయూ ప్రస్తుత లక్ష్యం, 2030 నాటికి స్త్రీ పురుష ఉపాధి తేడాను 2019లో ఉన్నదానిలో సగానికి తేవడం. మాల్టాలో ఆడవాళ్ల రేటు ఈయూ సగటును దాటినా, మగవాళ్లకూ వాళ్లకూ మధ్య తేడా ఇంకా ఈయూ సగటుకన్నా ఎక్కువే, ఎందుకంటే అక్కడి మగవాళ్ల రేటు చాలా ఎత్తున ఉంది. పెన్షన్లలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అరవై అయిదు దాటిన స్త్రీ పురుషుల పెన్షన్ల మధ్య తేడా ఎక్కువగా ఉన్న ఈయూ దేశాల్లో మాల్టా ఒకటి. 1962లో పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ రావాలంటే 40 ఏళ్ల చందాలు కావాలి. పిల్లల పెంపకానికి కొన్నేళ్ల క్రెడిట్ ఇస్తారు గానీ, ఇరవై ఏళ్లు ఇంట్లో ఉన్న మనిషికి అది చాలదు. ఈ ఏడాది ఉద్యోగంలో చేరిన నలభై ఐదేళ్ల మహిళ వృద్ధి లెక్కలో ఈ ఏడాదే కనిపిస్తుంది. ఆమె ఉద్యోగంలో లేని ఏళ్లు మాత్రం 2045 తర్వాత కూడా ఆమె పెన్షన్ చెక్కులో ప్రతి నెలా కనిపిస్తూనే ఉంటాయి.